పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి, ఫార్మాట్ చేయక తప్పదా?

ప్రశ్న (తిరుపతి, భైరాగిపట్టెడ):
అన్నా, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం ఒక జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా ఉన్నాయి. ఒకటి రెండు నొక్కాను కూడా. మాది విండోస్ 10. నాన్న పొలం కాగితాల స్కాన్‌లు, అక్క పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. తెలిసినాయన పెన్‌డ్రైవ్, కంప్యూటర్ రెండూ ఫార్మాట్ కొట్టేయమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట):
తమ్ముడూ, ఫార్మాట్ మాత్రం చెయ్యొద్దు. నీ ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి. ఈ రకం వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడుతుంది. అది నొక్కగానే కంప్యూటర్‌లోకి ఎక్కి, తర్వాత పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది. నువ్వు నొక్కానన్నావు కాబట్టి కంప్యూటర్‌కూ వచ్చిందనే అనుకో.

ముందు పెన్‌డ్రైవ్ తీసెయ్. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, అదే విండోస్ సెక్యూరిటీని అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. పావుగంట పడుతుంది. ఆ తర్వాత ఫుల్ స్కాన్ పెట్టు, గంటలు పట్టినా మధ్యలో ఆపకు. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, తెరవకుండా రైట్ క్లిక్‌తో స్కాన్ చెయ్యి.

ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కింద హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్కు తీసెయ్. పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తే అందులో చూడు, చాలాసార్లు అన్నీ అక్కడే ఉంటాయి. నీ డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకో. షార్ట్‌కట్‌లను, నువ్వు పెట్టని ప్రోగ్రాములను ముట్టుకోకు. అదయ్యాక పెన్‌డ్రైవ్ ఒక్కటీ ఫార్మాట్ చేసుకోవచ్చు.

నాకు అసలు భయం పెళ్లి ఫోటోల గురించే. పొలం కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరిగితే మళ్లీ వస్తాయి, ఆ ఫోటోలు ఎవరిస్తారు? వైరస్ రాకపోయినా హార్డ్ డిస్క్ ఏదో ఒక రోజు పోతుంది. కంప్యూటర్ శుభ్రమైందని తేలగానే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని అన్నీ కాపీ చెయ్యి, తీసి బీరువాలో పెట్టు. ఎప్పుడూ తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్, వచ్చిన రోజు కంప్యూటర్‌లోవీ, డిస్క్‌లోవీ కలిసే లాక్ అయిపోతాయి. దయచేసి దీన్ని వాయిదా వెయ్యొద్దు.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ తట్టుకుంటే విండోస్ 11కి మారు, లేదంటే అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరు, అది 2026 అక్టోబర్ 13 వరకు. అప్‌డేట్‌లను తేలిగ్గా తీసుకోవద్దు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను, సపోర్టులో ఉన్న విండోస్‌లకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట):
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి సార్. గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం కదా, హార్డ్ డిస్క్ ఖర్చు ఎందుకు?

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట):
అది కూడా పెట్టుకోండి మేడమ్, ఇంట్లో దొంగలు పడినా పిడుగు పడినా పనికొస్తుంది. కానీ సింక్ పెట్టుకుంటే కంప్యూటర్‌లో పొరపాటున తీసేసింది అక్కడా పోతుంది, లాక్ అయిన ఫైలు లాక్ అయినట్టే పైకెక్కుతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. పైగా పెళ్లి ఫోటోలకు, వీడియోలకు 15 జీబీ ఏమూలకు? ముఖ్యమైనవి రెండుచోట్లా ఉండాలి.

మొదటి ప్రశ్న అడిగినవారు:
అన్నా, పేరు లేని ఫోల్డర్‌లోనే అన్నీ దొరికాయి! స్కాన్‌లో రెండు పట్టుకుని తీసేసింది. హార్డ్ డిస్క్ రేపు తెస్తాను. రిపోర్టు మళ్లీ ప్రింటు తీయాలి, అదే షాపుకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాలా?

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట):
చాలా సంతోషం తమ్ముడూ. పెన్‌డ్రైవ్ వద్దు. రిపోర్టును పీడీఎఫ్ చేసి, నీ ఫోన్ నుంచే షాపు వాళ్ల మెయిల్‌కు పంపు. వాళ్ల కంప్యూటర్‌లో నీ మెయిల్ తెరవకు. ఇక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాక నాలుగైదు ఫోటోలు, ఒక వీడియో అందులోంచే తెరిచి చూడు. సరిగ్గా తెరుచుకుంటేనే కాపీ అయినట్టు.