ఉర్దూ స్కూల్ ప్రోగ్రామ్‌కి పిలిచారు, నాకు ఒక్క ముక్క రాదు. ఎలా కూర్చోవాలి?

గోంగూర_పచ్చడి:
మాది గుంటూరే, పొన్నూరు రోడ్డు వైపు. మా కింద పోర్షన్ వాళ్ళ పాప ఐదో క్లాసు, ఉర్దూ మీడియం. నవంబర్ 11న మౌలానా ఆజాద్ పుట్టినరోజుకి స్కూల్లో ప్రోగ్రామ్ ఉందంట, షాయిరీ చదువుతుందంట, "పిన్నీ నువ్వు రాకపోతే నేను స్టేజీ ఎక్కను" అని భీష్మించుకుని కూర్చుంది. పది రోజుల్నించి మా మెట్ల మీద ఇదే ప్రాక్టీసు, నేను ఓ పక్క పిండి రుబ్బుకుంటా వింటానే ఉన్నా, ప్రతి రెండో లైను చివర చెయ్యి అలా గాల్లోకి విసురుద్ది, గాలిపటం వదిలినట్టు. చూడ్డానికి బానే ఉంది కానీ నాకొచ్చిన హిందీయే సినిమా హిందీ, ఇక ఉర్దూ సంగతి చెప్పక్కర్లా. ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, పక్కనోళ్ళు నవ్వితే నేనూ నవ్వాలా? మా ఆయనేమో ఫోన్ చూసుకుంటా కూర్చో అంటాడు, ఆ పిల్ల నా వైపే చూస్తదండీ, ఎలా కుదురుద్ది?

రెండు_లిపులు:
అక్కా నేను చదివింది ఉర్దూ మీడియంలోనే. మొదట ఖురాన్ చదువుతారు, తర్వాత దేవుడి మీద హమ్ద్, ప్రవక్త మీద నాత్ అని స్తుతి గీతాలు ఉంటాయి, వీటికి చప్పట్లు కొట్టకుండా కూర్చోండి చాలు. షాయిరీ దగ్గరే మీ పని. షేర్ అంటే రెండే లైన్లు. మొదటి లైను రెండుసార్లు చదివి ఊరిస్తారు, అసలు దెబ్బ రెండో లైన్లో ఉంటది, పాప చెయ్యి విసిరేది అందుకే. గజల్ అయితే ఇంకా తేలిక, ప్రతి షేర్ చివర అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తది, దాన్ని రదీఫ్ అంటారు. మన పద్యంలో ప్రాస రెండో అక్షరం దగ్గర పట్టుకుంటాం కదా, ఇక్కడ లైను తోక దగ్గర పట్టుకోవాలి. మూడో షేర్‌కల్లా ఏ మాట రాబోతుందో మీకే తెలిసిపోద్ది. అది రాగానే వాహ్ అనండి. మరీ నచ్చితే "ముకర్రర్", అంటే మళ్ళీ చదవమని.

పాత_హార్మోనియం:
ముకర్రర్ అంటే మన వన్స్ మోరేనమ్మా. మా చిన్నప్పుడు తెనాలిలో పద్యనాటకాలకి తెల్లార్లూ కూర్చునేవాళ్ళం, నటుడు రాగం తీసి నిలబెట్టాడంటే వన్స్ మోర్ అని ఒకటే కేకలు, అరిచినోళ్ళలో సగం మందికి ఆ సమాసాలు ఏం అర్థమయ్యాయో ఆ కృష్ణుడికే తెలియాలి. నేనూ అరిచినోణ్ణే. అయినా ఉర్దూ రాదంటావేంటి, హాజరు, జవాబు, ఖర్చు, ఫిర్యాదు, దస్తావేజు, రాజీనామా ఇవన్నీ ఎక్కడివి? చెవి పెట్టి విను, నీ మాటలే తగుల్తాయి.

బ్రాడీపేట_బ్యాచ్:
మన పిల్లల ఇంగ్లీష్ యాన్యువల్ డేలకి వెళ్ళి అంతా అర్థమైనట్టు మొహం పెట్టి కూర్చోవట్లా? ఇదీ అంతే. బైత్‌బాజీ ఉంటే మాత్రం మధ్యలో లేచి రావద్దు, అంత్యాక్షరి టైపు, అవతలి టీమ్ షేర్ ఏ అక్షరంతో ఆగిందో దాంతోనే వీళ్ళు ఇంకోటి ఎత్తుకోవాలి, పిల్లలు కొట్టుకుంటారు.

గోంగూర_పచ్చడి:
వెళ్ళొచ్చానండీ. మొదటివాటికి నోరెత్తలేదు, బుద్ధిగా ఉన్నా. మా పాప వచ్చింది, నేను వాహ్ రెడీ చేసుకుని ముందుకి జరిగి కూర్చున్నా, ఆ పిల్ల కంగారులో లైను రెండుసార్లు చదవడం లేదు ఏమీ లేదు, గడగడా అప్పజెప్పేసి సలాం పెట్టి పరిగెత్తింది. నా వాహ్ నోట్లోనే ఉండిపోయింది. తర్వాత ఓ సారు మైకు తీసుకుని ఏదో అన్నాడు, చివర్లో చెయ్యి కూడా విసిరాడు, నేను గట్టిగా వాహ్ అన్నా. ఆయన చెప్పింది బయట స్కూటర్లు అడ్డం ఉన్నాయి తీయమనంట. పాప ఇంటికొచ్చే దాకా నవ్వుతానే ఉంది, ఇప్పుడు మెట్ల మీద నన్ను చూస్తే చాలు ముకర్రర్ అంటంది.