కివి తీగకు తగిన చలి మన వైపు ఉందా?

అమలాపురం దగ్గర మా కొబ్బరితోటలో నిరుడు నాటిన రెండు కివి మొక్కలు, వానలకు మొదళ్ళ దగ్గర నీరు నిలిచి వేరుకుళ్ళుతో చనిపోయాయి. హేవర్డ్ రకానికి శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు అవసరమని, అందువల్లనే అది హిమాచల్ కొండల్లోనూ అరుణాచల్‌లోని జీరో లోయలోనూ పండుతోందని తరువాత చదివాను. మా కోనసీమలో పుష్యమాసపు తెల్లవారుజామున సైతం ఒక దుప్పటి చాలు. చలి ఎక్కువగా ఉండే మన్యం కొండల్లో, చింతపల్లిలోని గిరిజన మిత్రుడు తన వాలు పొలంలో ప్రయత్నిద్దామంటున్నారు (ఏజెన్సీ భూములను గిరిజనేతరులు కొనకుండా నిషేధించే 1/70 చట్టం ఉన్నందున నేను అక్కడ భూమి కొనలేను, ఆ ఉద్దేశమూ లేదు). చింతపల్లి దగ్గరి లంబసింగి ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రతలను గంటగంటకూ నమోదు చేసినవారు ఎవరైనా ఉన్నారా? తక్కువ చలితోనే కాపుకొచ్చే రకాలు, వాటితోపాటే పూచే మగ మొక్కలు (కివిలో ఆడ, మగ మొక్కలు వేరువేరు) ఎక్కడ దొరుకుతాయో దయచేసి తెలియజేయగలరు.