ఒక్కటే ఉన్న చీరకు ఐదు సర్వీసులు కావాలా?

బరంపురం చీరల కొట్టు: ఇప్పటిదాకా పట్టు చీరలు వాట్సాప్‌లోనే అమ్మాం, ఇప్పుడు సొంత వెబ్‌సైట్ కట్టిస్తున్నాం. పని చేసే కుర్రాళ్లు ఇద్దరు. కేటలాగ్, స్టాకు, ఆర్డర్లు, పేమెంటు, మెసేజీలు ఐదు మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా, దేని డేటాబేస్ దానికి పెట్టి కడదామని ఒకతను అంటున్నాడు. ఒకే అప్లికేషన్ చాలని ఇంకొకతను. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి పండగ ఠాకురాణి యాత్ర వస్తే గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు సైటు పడిపోకూడదు. ఏం చేయమంటారు?

రాయగడ: ఒకే అప్లికేషన్ కట్టండి అన్నా. మీ సరుకు చూసే చెబుతున్నా. ఫ్యాక్టరీ చొక్కాలు 200 ఉంటే ఒకటి అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. మగ్గం చీర ఒక్కటే. ఆ రంగు, ఆ గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభ అంచు మళ్లీ నేయించాలంటే ఎన్ని రోజులు? ఇద్దరు ఒకే నిమిషంలో డబ్బు కడితే ఎవరికిస్తారు?

ఒకే డేటాబేస్ అయితే స్టాకు తీయడం, ఆర్డరు రాయడం ఒకే ట్రాన్సాక్షన్. జరిగితే రెండూ జరుగుతాయి, లేకపోతే రెండూ జరగవు. చీల్చారా, ఆ భరోసా పోయినట్టే. నేను ఇదివరకు పని చేసిన చోట ఆర్డర్ సర్వీసు స్టాకు సర్వీసును అడిగింది, జవాబు గడువులోగా రాక టైమౌట్ అయింది, మళ్లీ అడిగింది. మొదటిసారి అడిగిందే లోపల పని చేసేసింది! స్టాకు రెండుసార్లు తగ్గింది. పండగ రాత్రంతా ఒక్కో సర్వీసు లాగ్‌లు (ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు) తెరిచి వెతికాం. ఆ టెన్షన్ మీ ఇద్దరు కుర్రాళ్లకు వద్దు.

పర్లాకిమిడి: తమ్ముడూ, అది మైక్రోసర్వీసుల తప్పు కాదు. ప్రతి రిక్వెస్టుకూ సొంత నంబరు ఉండాలి, అదే నంబరుతో మళ్లీ వస్తే పాత జవాబే ఇవ్వాలి. విడి డేటాబేస్‌లకు సాగా పద్ధతి ఉంది, పనిని అంచెలుగా చేసి, మధ్యలో ఆగితే చేసిన అంచెలను వెనక్కి తిప్పడం, ఆ ఆలోచన 1987 నాటిది. చీరను పది నిమిషాలు పట్టి ఉంచు, డబ్బొస్తే ఖాయం చెయ్యి, రాకపోతే వదిలెయ్యి. 2008లో డేటాబేస్ పాడై నెట్‌ఫ్లిక్స్ మూడు రోజులు అద్దె డీవీడీలు పోస్టులో పంపలేకపోయింది. ఆ దెబ్బతోనే వాళ్లు క్లౌడుకూ, విడి సర్వీసులకూ మళ్లారు.

రాయగడ: పట్టి ఉంచడం ఒకే అప్లికేషన్‌లోనూ కావాలండి. డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంటు గేట్‌వే కబురు ఆలస్యంగా రావచ్చు, రెండుసార్లు కూడా రావచ్చు. బయటివాళ్లతో ఆ ఒక్కచోట తలనొప్పి తప్పదు. దాన్ని ఇంట్లో మరో నాలుగు చోట్ల ఎందుకు తెచ్చుకోవాలి? నెట్‌ఫ్లిక్స్‌కు ఎంతమంది ఇంజనీర్లు, మనకెంతమంది? ప్రైమ్ వీడియోలో వీడియో నాణ్యత చూసే టీమ్ విడి భాగాలను ఒక్కటిగా కలిపి ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించుకున్నామని 2023లో రాసింది.

కోరాపుట్: యాత్ర రద్దీలో జనం ఎక్కువగా చూసేది ఫోటోలే. అవి సీడీఎన్‌లో, అంటే ఫోటోల నకళ్లు ఉంచి పంపే వేరే సర్వర్లలో, పెట్టండి. మెసేజీలు క్యూలో వేసి విడిగా పంపండి, ఎస్సెమ్మెస్ ఆగిందని ఆర్డరు ఆగకూడదు. మిగతాదంతా ఒకే అప్లికేషన్, కానీ లోపల గదులు కట్టండి. స్టాకు టేబుల్‌ను స్టాకు కోడ్ తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆన్‌లైన్ కొట్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై అంత పెద్ద కంపెనీ కూడా తన ప్రధాన అప్లికేషన్‌ను ఇలాగే నడుపుతోంది.

పర్లాకిమిడి: ఆ గోడలు ఎన్నాళ్లుంటాయి? డెడ్‌లైన్ వచ్చిన రోజు ఎవరో ఒకరు నేరుగా టేబుల్ మీద చెయ్యి వేస్తారు. డేటాబేస్ వేరైతే ఆ దారే ఉండదు. ఈ మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

బరంపురం చీరల కొట్టు: మీ భయమూ నిజమేనండి. అయినా స్టాకు, ఆర్డర్లు ఒకచోటే ఉంచుతాం. డబ్బు కట్టినావిడకు చీర లేదని చెప్పే పరిస్థితి నాకు వద్దు. మెసేజీలు విడిగా పెడతాం. ఇంకో సందేహం: కొట్లో కౌంటర్ దగ్గర అమ్మిన చీరను సైటులోంచి రాత్రి లెక్క చూసేటప్పుడు తీసేస్తే సరిపోదా?

రాయగడ: సరిపోదన్నా! కౌంటర్ బిల్లు కూడా ఆ అప్లికేషన్‌లోనే వేయండి. సాయంత్రం కొట్లో అమ్మి రాత్రి తీస్తే, మధ్యలో ఆ చీరను ఆన్‌లైన్‌లో ఇంకొకరు కొనేస్తారు.