చెరువులో కొర్రమీను పిల్లలను వదిలితే బొచ్చె, రోహు మిగులుతాయా?

గట్టుమీద:
మా మత్స్య సహకార సంఘానికి ఉన్నది ఒక్కటే చెరువు. వేసవిలో తూము దగ్గరి మడుగు తప్ప మిగతాదంతా ఎండిపోతుంది. ఏటా వానలు పడ్డాక ప్రభుత్వం ఇచ్చే బొచ్చె, రోహు పిల్లలనే వదులుతున్నాము. ఒకప్పుడు ప్రతి వలలోనూ పడిన కొర్రమీను ఇప్పుడు అరుదైపోయింది. ఈసారి ఆ పిల్లలను కొని వదలాలని కొందరు, అవి మిగతావాటిని మింగేస్తాయని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

హాపా:
ఇద్దరి మాటలోనూ నిజముంది. తెలంగాణలో ఎండిపోయే చెరువులకు పథకం కింద ఇచ్చేవి 35–40 మిల్లీమీటర్ల పిల్లలు. ఏడాదంతా నీరుండే చెరువులకు 80–100 మిల్లీమీటర్లవి ఇస్తారు. మీకు వచ్చేవి చిన్నవి కనుక, పైకి వచ్చి గాలి పీల్చుకుంటూ ఆ మడుగులోనే వేసవి గడిపిన పెద్ద కొర్రమీనులు నాలుగున్నా వాటికి ముప్పే. బొచ్చె, రోహు పిల్లలను ముందు హాపాలో (నీటిలో కట్టే సన్న కన్నుల వల గూడులో) జానెడు పొడవు వచ్చేదాకా పెంచి వదలండి, ఆ తరువాతే చిన్న కొర్రమీను పిల్లలను తెండి. అవి కూడా అన్నీ ఒకే సైజువై ఉండాలి, ఎందుకంటే హెచ్చుతగ్గులుంటే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి. మేము వారం వారం వేరుచేసినా కొంత నష్టం తప్పదు.

పాతవల:
కొనేముందు, ఉన్నవి ఎందుకు తగ్గాయో చూడండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపై కనబడితే, కింద కాపలా కాస్తున్న తల్లిచేపను పట్టేయడం మన దగ్గర మామూలే (నేనూ పట్టినవాడినే). కాపలా పోయాక ఆ గుంపులో మిగిలేవి కొన్నే.

మిషిగన్ నుండి:
ఇక్కడ అమెరికాలోని మిషిగన్ సరస్సులో మితిమీరిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపలను తినడానికి 1966లో కోహో సాల్మన్ పిల్లలను, మరుసటి ఏడాది చినూక్ సాల్మన్ పిల్లలను వదిలారు. ఆ చేపలు బాగా పెరిగి, గాలపు వేట పెద్ద ఆదాయమైంది. కానీ పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2003 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలగానే చినూక్ కూడా బక్కచిక్కి తగ్గిపోయింది. ఆ తరువాత మిషిగన్ సరస్సులోనూ వదిలే చినూక్ పిల్లల సంఖ్యను తగ్గించేశారు. మీ చెరువులో పరకల వంటి చిల్లర చేపలు ఎన్ని ఉన్నాయో తేలకుండా కొర్రమీనుల లెక్క వేయలేరు.

గట్టుమీద:
పాతవల గారూ, మీరు చెప్పిన వేట మా ఊళ్లోనూ ఉంది. ముందు దానిని ఆపమని సంఘంలో అడుగుతాను. మడుగులో పరకల కోసం ఈ వారమే వల వేసి చూస్తాము.