‘డ్రెడ్జ్’ అనే ఇంగ్లీషు క్రియకు వంటింటి తెలుగు మాట ఏది?

కోనసీమలో ఉంటూ ఒక ఇంగ్లీషు వంటల పుస్తకాన్ని తెలుగు చేస్తున్న నేను, చేపముక్కలను పిండితో ‘డ్రెడ్జ్’ చేసి (అంటే అన్ని వైపులా పొడిపిండి పలచగా అంటుకునేలా చేసి), అంటుకోని పిండిని దులిపి నూనెలో వేయాలన్న ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. కాలువల్లో పూడిక తీసే డ్రెడ్జరు మా వైపు అందరికీ తెలిసిన మాటే కావడంతో మొదట అర్థమే తప్పుగా పట్టుకున్నాను. తీరా చూస్తే ఇవి రెండు వేర్వేరు క్రియలు. ఏటి అడుగును తోడే క్రియకు ‘డ్రాగ్’తో చుట్టరికం ఉందంటారు, వంటింటిది మాత్రం మిఠాయి, సుగంధద్రవ్యాల మిశ్రమం అనే అర్థంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చిన నామవాచకం, 16వ శతాబ్దం చివర్లో క్రియగా మారింది.

‘చల్లి’ అని రాస్తే, పూతరేకు మీద పంచదార పొడిలా పిండి పైవైపే పడుతుందనిపిస్తోంది (పంచదార పొడికీ ఇంగ్లీషులో ఇదే క్రియ వాడతారు, అక్కడ ‘చల్లి’ చక్కగా కుదిరింది). ‘ముంచి’ అంటే బజ్జీల జారుపిండి గుర్తొస్తుంది. ‘దొర్లించి’ కొంత నయమే గాని, చిల్లుల మూత డబ్బాతో పైనుంచి పిండి రాల్చే పద్ధతికి పొసగదు. మా ఇంట్లో ‘పట్టించి’ అంటారు. అయితే పై వాక్యంలోనే ముక్కలకు ఉప్పు, కారం, పసుపు పట్టించి అరగంట ఉంచాలని రాశాను కనుక, పిండి పట్టించాక కూడా నానబెట్టాలేమోనని చదివేవారు పొరబడతారు.

తడి ముక్కకు అన్ని వైపులా పొడిపిండిని పలచగా అంటించడానికి గోదావరి జిల్లాల్లో మీ ఇళ్లలో వాడే క్రియ ఏది?