గయా కేటలాగ్ ఉండగా ఇంకా వర్ణపటాలు ఎందుకు?

మేడమీది దుర్భిణి:
మొన్న గయా (చుక్కల స్థానాలూ దూరాలూ కొలిచిన యూరప్ ఉపగ్రహం) మూడో విడత డేటా దించుకొని కృత్తికల చుట్టుపక్కల చుక్కల్ని వడకట్టాను. మా నాయనమ్మ పిల్లలకోడి అనేది వీటినే. కంటికి కనబడేవి ఆరో ఏడో. ఒకే దిక్కుకు ఒకే వేగంతో జరిగేవాటిని ఏరితే వెయ్యి దాటాయి. దూరం సుమారు 136 పార్సెక్కులు, అంటే 444 కాంతి సంవత్సరాలు. అంతా ఒక సాయంత్రం పని. 180 కోట్ల చుక్కల జాబితా ఊరికే దొరుకుతుంటే, ఒక్కో చుక్కకూ వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, అందులో గీతలు ఏ మూలకాలున్నాయో చెబుతాయి) తీస్తూ పెద్ద టెలిస్కోపుల రాత్రులు ఖర్చు చేయడం దండగని నా వాదన. కాదంటే చెప్పండి.

పట్టకం:
కాదనే అంటాను. ఇవే కృత్తికల దగ్గర ఇంతకుముందు కేటలాగ్‌ను నమ్మి బోర్లా పడ్డారు. 1997లో హిప్పార్కస్ ఉపగ్రహం లక్షా 18 వేల చుక్కల జాబితా ఇచ్చింది. దాని ప్రకారం కృత్తికల దూరం 118 పార్సెక్కులు. రంగు, ప్రకాశం పోల్చి అంతకుముందు కట్టిన లెక్క 130 పైన. ఈ మాత్రం తేడాకేముంది అనుకోకండి. 118 నిజమైతే అక్కడి చుక్కలు అదే రంగున్న మామూలు చుక్కల కన్నా దాదాపు ఐదో వంతు మసకగా ఉన్నట్టు. ఎందుకలా? లోహాలు తక్కువేమో అన్నారు. వర్ణపటంలో చూస్తే ఇనుము పాలు ఇంచుమించు సూర్యుడిలో ఉన్నంతే. ఆ సాకు పోయింది.

"అన్ని చుక్కల సగటు తప్పవుతుందా?" అని మీరు అడగొచ్చు. పక్కపక్క చుక్కలన్నిటికీ ఒకే తప్పు అంటుకుంటే అవుతుంది. తూకంరాయే తేడాగా ఉంటే యాభై సార్లు తూచినా బియ్యం తక్కువే కదా. హిప్పార్కస్ పక్షం దీన్ని ఒప్పుకోలేదు. 2009లో లెక్క మళ్లీ కట్టి 120 అన్నారు.

ఈలోపు 2004లో హెచ్‌డీ 23642 అనే జంట చుక్కను పట్టుకున్నారు. రెండున్నర రోజుల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ అడ్డం వస్తాయి. వర్ణపటంలో గీతలు ఎరుపుకీ నీలానికీ ఎంత ఊగుతున్నాయో కొలిస్తే వేగం తెలుస్తుంది. గ్రహణం ఎంతసేపో దానికి కలిపితే చుక్క సైజు కిలోమీటర్లలో వచ్చేస్తుంది. దానికి ఉష్ణోగ్రత కలిపితే అసలు వెలుగు, దాన్నుంచి దూరం: 132 పార్సెక్కులు.

మేడమీది దుర్భిణి:
పట్టకం గారూ, అదే జంటకు మరుసటి ఏడాది ఇంకొకరు 139 కట్టారు, ఆ మాట దాటేశారు! ఉష్ణోగ్రత ఎంత అనుకున్నారన్నదాన్ని బట్టి జవాబు జరుగుతుంది. చివరికి గొడవ తీర్చిందేమిటి? 2014లో ఖండాల మధ్య రేడియో టెలిస్కోపుల్ని జోడించి కొలిచిన పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే చుక్క జరిగినట్టు కనిపించే చిన్న కోణం), దాని ప్రకారం 136.2. తర్వాత గయా. రెండూ కోణం కొలిచినవే.

బేగంపేట పాతకాపు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. వర్ణపటంతో దూరం అనగానే నాకు విల్సన్-బప్పు సంబంధం గుర్తొస్తుంది, 1957 నాటిది. కాస్త చల్లటి చుక్కల్లో కాల్షియం కే-గీత అనే నల్లగీత నడుమ చిన్న వెలుగు కనిపిస్తుంది. అది ఎంత వెడల్పుంటే చుక్క అసలు ప్రకాశం అంత ఎక్కువ. వేణు బప్పు హైదరాబాద్‌లోనే పెరిగారు, తండ్రి పనిచేసింది బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో. కాకపోతే ఆ సూత్రానికి కొలబద్ద కట్టింది దూరం ముందే తెలిసిన చుక్కలతో. అంటే దుర్భిణి గారికి ఒక పాయింటు.

అదే నిజామియా ఫోటో ప్లేట్ల మీద ఆకాశంలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీలో చుక్కల స్థానాలు కొలిచింది. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లో 25 లక్షల చుక్కల కదలికలకు అలాంటి పాత స్థానాలే ఆధారం. రెండు పక్షాలూ మా బేగంపేటవే!

పట్టకం:
దూరం సంగతి ఒప్పుకుంటున్నాను, 139 సంగతీ. మరి వయసో? చిన్న చుక్కల్లో ఏ బరువు దగ్గర లిథియం ఇంకా కాలిపోకుండా మిగిలిందో చూసి, కృత్తికలకు సుమారు 12.5 కోట్ల ఏళ్లని 1998లో తేల్చారు. వర్ణపటంలో లిథియం గీత 670.8 నానోమీటర్ల దగ్గర. గయాలో గీతలు విడివిడిగా చూపే పరికరం చూసేది 845 నుంచి 872 దాకానే. మీ వెయ్యి చుక్కల్లో లిథియం ఎక్కడుందో ఆ జాబితాలో వెతికి చెప్పండి.

మేడమీది దుర్భిణి:
అది లేదు, నిజమే. వయసు విషయంలో వర్ణపటం దండగన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

బేగంపేట పాతకాపు:
దుర్భిణి గారూ, గయా పారలాక్స్‌లన్నీ కాస్త తక్కువ చూపుతాయి, పారలాక్స్ దాదాపు సున్నా ఉండాల్సినంత దూరంలో ఉన్న క్వేజార్లతో (మెరిసే గెలాక్సీ కేంద్రాలతో) పోల్చి పట్టుకున్నారు. సగటున 0.017 మిల్లీ ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఆర్క్‌సెకను, అందులో వెయ్యో వంతు మిల్లీ). ఆ సవరణ వేశారా?

మేడమీది దుర్భిణి:
వేయలేదండీ. కృత్తికలకైతే 0.3 పార్సెక్కే తేడా. కానీ పోయిన వారం పెర్సియస్ జంట గుచ్ఛాలకూ ఇలాగే కట్టాను, అక్కడ నాలుగు శాతం దాకా పోతుంది. రాత్రికి మళ్లీ కూర్చోవాలి.