వంగాకు మీది ప్యూపాలు: తుంచెయ్యాలా, వదిలెయ్యాలా?

పాలకొల్లు పెరడు:
పెరట్లో వంగ ఆకుల మీద, పక్కనే చిక్కుడు పందిరి మీద పసుపు, నారింజ రంగు ప్యూపాలు (పిల్లపురుగు పెంకుపురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అతుక్కుని ఉన్నాయి. అక్షింతల పురుగువే. పేనుబంకను తినే మిత్రపురుగా, ఆకు తినే ఎపిలాక్నావా తేలడం లేదు. వేపనూనె కొట్టమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

కడియం మొక్కలు:
వంగ మీదుంటే ఎపిలాక్నాయేనండి. ఆకుతో సహా తుంచి సబ్బునీళ్లలో వెయ్యండి. పెంకుపురుగు అయ్యాక కూడా అది ఆకే తింటుంది, ఆకు అడుగున గుంపుగా పసుపు గుడ్లు పెడుతుంది. ప్యూపా పారిపోదు కాబట్టి ఏరడానికి ఇంతకన్నా సులువైన దశ లేదు.

లంక కూరగాయలు:
మొక్కను బట్టి తేల్చెయ్యకండి. వంగకీ పేనుబంక పడుతుంది, దాన్ని తినే వంకర చారల అక్షింతల పురుగు ఆ ఆకు మీదే ప్యూపా అవుతుంది.

భూతద్దం పెట్టి తోక వైపు చూడండి. రెండింటికీ విడిచిన పిల్లపురుగు చర్మం అక్కడే ఉంటుంది. ఎపిలాక్నా చర్మం మీద పాయలు చీలిన ముళ్లుంటాయి, అది ప్యూపా వెనక భాగాన్ని కప్పేస్తుంది. ఒంటి మీద సన్నటి నూగు కూడా ఉంటుంది. మిత్రపురుగు ప్యూపా నున్నగా ఉంటుంది, చర్మం ముడతపడి ఆకును అంటుకున్న చోటే పోగుపడుతుంది. నల్లమచ్చల్ని మాత్రం నమ్మొద్దు, అవి ఎపిలాక్నాకీ ఉండొచ్చు.

చుట్టూ ఆకు కూడా చూడండి. పచ్చదనం గీకేసి ఈనెలు మిగిలి జల్లెడలా ఉంటే ఎపిలాక్నా తిన్నట్టే.

కడియం మొక్కలు:
భూతద్దం అందరిళ్లలో ఉండదు కదండీ. అనుమానమున్నది వదిలేస్తే నాలుగు వంగ మొక్కలున్న పెరట్లో నష్టం ఎక్కువ.

లంక కూరగాయలు:
అనుమానమున్నవి రెండో మూడో ఆకుతో సహా గాజు సీసాలో వేసి, పైన పలచటి గుడ్డ కట్టి నీడన పెట్టండి. మూత బిగిస్తే చెమ్మకి బూజు పడుతుంది. మన వేడికి మామూలుగా వారంలోపే పురుగు వచ్చేస్తుంది. వచ్చిన వెంటనే మాత్రం తేల్చొద్దు: అప్పుడు ఏదైనా మచ్చల్లేకుండా లేతపసుపుగానే ఉంటుంది. కొన్ని గంటలాగి చూడండి. వీపు మెరుస్తుంటే మిత్రపురుగు, చిక్కుడు మీద వదలండి. రంగు మెరవకుండా మసకగా ఉండి, వీపు మీద నూగు, 12 లేదా 28 మచ్చలు ఉంటే ఎపిలాక్నా.

రాజోలు తోట:
మందు సంగతి ఎవరూ చెప్పలేదు. వేపనూనె ప్రధానంగా తినే దశ మీద పనిచేస్తుంది. ప్యూపా ఏమీ తినదు, కొట్టినా వృథా. పసుపు రంగు ముళ్ల పిల్లపురుగులు కనిపించినప్పుడు లీటరు నీళ్లకి 5 మి.లీ. చొప్పున సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. నూనెను ముందు కాస్త సబ్బునీళ్లలో చిలక్కపోతే నీళ్ల మీద తేలిపోతుంది, ఒకచోట ఎక్కువ పడి ఆకు మాడుతుంది. పేనుబంక, మిత్రపురుగులు కలిసి ఉన్న చిక్కుడు జోలికి వెళ్లకండి.

కడియం మొక్కలు:
సరేనండి, జల్లెడైన ఆకు మీద నూగున్నవే తుంచుదాం. నున్నవి ఉంచుదాం.

రాజోలు తోట:
తుంచేటప్పుడు గోధుమరంగుకి తిరిగి బిగుసుకుపోయిన ఎపిలాక్నా పిల్లపురుగులుంటే సబ్బునీళ్లలో వెయ్యకండి. వాటిలో ఎపిలాక్నాను చంపే పరాన్నజీవి కందిరీగలు పెరుగుతుంటాయి. సన్నటి రంధ్రాలు కనిపిస్తే అవి బయటికి వెళ్లిపోయినట్టు, రంధ్రాల్లేనివి ఆ మొక్క మీదే ఉంచండి.